రెండో దెబ్బ

బ్రూక్షాబాద్

అన్నయ్యకు నీ చెల్లెలు నూకరత్నం దండాలు పెట్టి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వదిన ఎలా ఉంది? నా ఫోను పోలీసుల దగ్గర ఉంది, అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడ వాన తెరిపి ఇవ్వడం లేదు. బెయిలు మీద వచ్చాక దుర్గక్క ఇంట్లో ఉంటున్నాను. ఆమె ఈ దీవుల్లోనే పుట్టింది, తాతలది మన వైపే. రెండు పూటలా అన్నం పెడుతోంది. భయపడకు. ఎవరో చెప్పేలోగా జరిగింది నేనే చెబుతాను.

డిగ్లీపూర్ దగ్గర ఎండుచేపల షెడ్డుకు పదకొండుమందిమి వచ్చాం కదా. వచ్చిన రోజే మేస్త్రీ మా కార్డులు, ఫోన్లు లాక్కుని గేటుకు తాళం వేశాడు. వెళ్లిపోతామంటే నైలాను తాడుతో కొట్టేవాడు. కాళ్లు పట్టుకున్నాం. పని మానేశాం, నీళ్లు ఆపేశాడు. చివరికి మన సింహాచలం మామ ఊళ్లోవాళ్లకు చెప్పాలని కంచె దాటితే, దారిలోనే పట్టుకొచ్చి స్తంభానికి కట్టేశాడు.

మా అందరి ముందూ కొట్టాడు. మామ వీపు చర్మం తాడుతోపాటు లేచొచ్చింది. అరిచి అరిచి మామ తల వాల్చేశాడు.

“భయ్యా, ఛోడ్ దో! సచ్చిపోతాడు!” అన్నాను.

“చుప్! తర్వాత నీ బారీ, నీ వంతే,” అని వాడు మళ్లీ తాడెత్తాడు.

నా చేతిలో చేపలు కోసే కత్తి ఉంది. ఎత్తిన ఆ చేతి మీద వేశాను. ఎముకకు తగిలింది. తాడు పడిపోయింది. వాడు మోకాళ్ల మీద కూలబడి, తెగిన చెయ్యి పొట్టకు అదుముకుని, “దీదీ, మాఫ్ కరో” అన్నాడు. ఆ మాట నాకు వినిపించింది, అన్నయ్యా. విని కూడా భుజం మీద ఇంకోటి వేశాను. రక్తం నా మొహం మీద చిమ్మింది. మూడోది వెయ్యబోతుంటే ఆడవాళ్లు నన్ను వెనక్కి లాగేశారు.

వాడి మొలలోంచి తాళంచెవి తీసి, మామనూ వాడినీ ఒకే వ్యానులో ఆసుపత్రికి చేర్చాం. ఇద్దరూ బతికారు. వాడి చెయ్యి ఇక పనిచెయ్యదట.

రెండు దెబ్బలూ భయంతోనే వేశానని చెప్పమన్నారు బెయిలు ఇప్పించిన వకీలు.

“అలాగే సెప్పు, రత్నం,” అంది దుర్గక్క. “నువ్వు కొట్టకపోతే మీ మామ శవమే కదా. ఇంకే రాస్తా, ఇంకే దారి ఉంది నీకు?”

“మొదటిదానికి ఇంకో దారి లేదక్కా. రెండోసారికి వాడు తాడు ఒగ్గేసాడు.”

వాంగ్మూలానికి ఠాణాకు మళ్లీ పిలిస్తే వెళ్లి ఉన్నదున్నట్టే చెప్పాను. రాసుకునే ఆయన పెన్ను ఆపి, “సోచ్ లియా?” అని అడిగాడు. ఆలోచించే చెబుతున్నానన్నాను.

మొదటి దెబ్బకు నాకు సిగ్గు లేదు. అలాంటి రోజే మళ్లీ వస్తే మళ్లీ వేస్తాను. రెండోది మాత్రం అన్నం కలుపుతుంటే కూడా చేతికి తెలుస్తోంది.

నా రేషన్ కార్డు నకలు పంపు. అమ్మకు, పెద్దలందరికీ నా దండాలు. నన్ను దీవించు. దీవించబుద్ధి కాకపోతే తిట్టు, కానీ నీ చేత్తో రాసి తిట్టు.

నీ చెల్లెలు
నూకరత్నం