పడవతాత దగ్గర ఆగిన ఆట

చిట్టీ, నాకేం కాలేదని అమ్మకు చెప్పు. సినిమా కథ బయటికి పొక్కుతుందని పది రోజులపాటు మా ఫోన్లు లాక్కున్నారు, అంతే.

నువ్వు వేసవంతా ఆడిన ఆ వీడియో గేమ్‌నే సినిమాగా రాస్తున్నాం. హీరోను పెంచిన పడవతాతే వాళ్ల ఊరు తగలబెట్టాడని చివర్లో బయటపడుతుంది కదా. అతన్ని ఏట్లో ముంచెయ్యాలో వదిలెయ్యాలో ఆడేవాళ్లే బటన్ నొక్కి తేల్చుకోవాలి. నిన్న డైరెక్టర్ బల్ల గుద్దాడు. "సినిమాలో బటన్లుండవయ్యా! చంపుతాడా, లేదా?"

"వదిలేస్తాడండీ" అన్నాను.

"ఎందుకు?"

ఆలోచించి చెబుతానని తప్పించుకున్నాను. ఆట మొత్తం ఆడానని కోతలు కోసి ఈ పనిలో చేరాను మరి! నీ వెనక కూర్చుని చూడడమే తప్ప నేను ఆడిందెప్పుడు? వచ్చే శుక్రవారంలోగా జవాబు చెప్పకపోతే ఇంటికి పంపేస్తారు.

అమ్మ కంట్లో చుక్కలు వేళకు వేస్తున్నావా? వంటింటి కుళాయి కారడం ఆగిందా? గేమ్ డబ్బాను అమ్మను పాత సామాన్లవాడికి వెయ్యనివ్వకు.

సరిగ్గా ఆ పడవ దగ్గరే నువ్వు ఆట ఆపేశావు, మళ్లీ ముట్టుకోలేదు. ఏ బటనూ నొక్కడానికి నీకు చెయ్యెందుకు రాలేదో వెంటనే రాయి. నా హీరోకూ రావడం లేదు.

అమ్మను అడిగానని చెప్పు. నువ్వు చల్లగా ఉండాలి.

అన్నయ్య