పన్నెండు పేర్ల కాగితం

ఆగిరిపల్లి,
మే 4, ఆదివారం

ప్రియమైన తమ్ముడు హరీష్‌కి,

అక్క దీవెనలు. ఈ ఉత్తరం రాఘవయ్య ఆటోలో పంపిస్తున్నాను. కవరు అంటించే ఉందో లేదో చూసుకుని మరీ తీసుకో. ఇక మీదట నాకు ఫోనులో ఏమీ పంపకు, నేనూ పంపను. ఫోనులో పెట్టింది మన దగ్గర ఉండదని మొన్న శుక్రవారం బాగా తెలిసొచ్చింది.

మామిడికాయలు మగ్గబెట్టడానికి బసవపున్నారావు తన షెడ్డులో మా చేత కార్బైడ్ పొట్లాలు కట్టిస్తున్నాడనీ, చెమట తగిలి పొట్లం పొంగి కనకమ్మ కంట్లో పడిందనీ, ఆ కన్ను మసకమసగ్గా తప్ప కనపడడం లేదనీ అర్జీ రాసి నీ చేత టైపు చేయించాం కదా. రేపు నూజివీడు సబ్‌కలెక్టరు ఆఫీసులో సోమవారం అర్జీల్లో ఇద్దామనుకున్నాం. నువ్వు బుధవారం సాయంత్రం దాన్ని మా సెంటర్లో జిరాక్సు షాపు కిషోర్ బాబు ఫోనుకి పంపావు. గురువారం మధ్యాహ్నం నేను వెళ్ళి తెచ్చుకున్నాను. ఆ రాత్రే అందరి సంతకాలూ పెట్టించి, పెట్టెలో పెట్టి తాళం వేశాను.

శుక్రవారం పొద్దున్నే షెడ్డు గుమ్మంలో బసవపున్నారావు కుర్చీ వేసుక్కూర్చున్నాడు. చేతిలో మా అర్జీ! బళ్ళో హాజరు పిలిచినట్టు ఒక్కొక్క పేరూ చదివాడు. "నాగమణి గారు చదువుకున్నోరు కదా. ఆఫీసర్లే పని చూపిస్తారులే, వెళ్ళండమ్మా" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సహించడం లేదు. నిండు సీజనులో పని పోగొట్టుకుని ఇళ్ళల్లో కూర్చున్నాం. సగంమంది సంతకం వెనక్కి ఇచ్చెయ్యమంటున్నారు.

ఎవడిచ్చాడు ఆ కాగితం? అది ఉన్నది నా పెట్టెలో, కిషోర్ బాబు ఫోనులో. అంతేగా! సాయంత్రం సెంటరుకి వెళ్ళి, బస్సు కోసం నిలబడ్డ జనం అందరి ముందూ అతన్ని కడిగేశాను. "మా ఆడాళ్ళ పొట్టలు కొట్టి ఎంత తిన్నావు?" అని అడిగాను. "నేనేం చెయ్యలేదండీ, నన్ను నమ్మండి" అంటాడు. నమ్మాలట! మావాళ్ళెవరూ ఇప్పుడు అతని షాపు గడప తొక్కడం లేదు.

నేను వదలను. ఈసారి ఒక్కొక్కరి చేతా విడివిడిగా రాయించి ఇస్తాం. ఆధార్లు, ఆస్పత్రి చీటీలు, చేతుల మీద పుండ్ల ఫొటోలు, అన్నీ కాపీలు కావాలి. ఒక్క రోజుతో తీరేది కాదు. అందుకని అందరం తలా కొంత వేసుకుని మా ఇంట్లోనే ప్రింటరు పెట్టుకుంటాం. కొన్నప్పుడు చవగ్గా ఉండి తర్వాత ప్రాణం తీసేది వద్దు. రోజూ వాడినా ఖర్చు బరువు కానిది ఏదో నువ్వే చెప్పు. త్వరగా రాయి.

ఉడికిపోతున్న నీ అక్క,
నాగమణి

---

నూజివీడు,
మే 8, గురువారం

ప్రియమైన అక్కకి,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. పాపకి నాలుగో నెల, బోర్లా పడుతోంది. సీజను కావడంతో లారీ ఆఫీసులో ఊపిరి సలపడం లేదు. అందుకే జవాబు ఆలస్యమైంది.

నువ్వడిగిన ప్రింటర్లు మూడు రకాలు. కార్ట్‌రిడ్జ్ వేసేది కొనేటప్పుడు చవక. కానీ రెండొందల కాగితాలు కొట్టేసరికి అది ఖాళీ అవుతుంది, కొత్త కార్ట్‌రిడ్జ్ ధర వింటే గుండె జారుతుంది. ఇంక్ ట్యాంకు ఉన్నది ముందు ఎక్కువ పెట్టాలి, తర్వాత ఒక్క సీసా నల్ల ఇంకుతో వేల కాగితాలు వస్తాయి. కాకపోతే వారానికి రెండుసార్లయినా వాడకపోతే ఇంకు ఎండి ప్రింటులో గీతలు పడతాయి. లేజరుది నెలల తరబడి మూల పడేసినా పాడవదు, టోనరు పొడి మళ్ళీ నింపిస్తారు. కానీ కరెంటు బాగా లాగుతుంది, ఇన్వర్టరు మీద నడవదు. ఏది కొన్నా ఏదో ఒక తంటా ఉంటుంది. నన్నడిగితే అసలు కొనకపోవడమే మంచిది. ఇంట్లో ప్రింటరు ఉందంటే ఊళ్ళో అర్జీలన్నీ నీ నెత్తిన పడతాయి.

ఇంకో మాట, కోప్పడకు. కిషోర్ బాబుని నలుగురిలో అలా అనకుండా ఉండాల్సింది. అతనే ఇచ్చాడని మనం చూశామా? పోయిందేదో పోయింది. బసవపున్నారావు గారు పెద్ద మనిషి, ఎన్నాళ్ళని కోపం పెట్టుకుంటారు? సీజను అయ్యేదాకా ఊరుకుంటే, నేనే ఎవరి చేతైనా చెప్పించి మిమ్మల్ని మళ్ళీ పనిలో పెట్టిస్తాను.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ తమ్ముడు,
హరీష్

---

ఆగిరిపల్లి,
మే 12, సోమవారం

హరీష్‌కి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఒళ్ళు మండింది. ఏ ప్రింటరు కొనాలని అడిగితే, కొనొద్దని చెప్పడానికి రెండు పేజీలు ఖర్చు పెట్టావు. ఆ బసవపున్నారావుకి "గారు" ఎప్పట్నుంచి తగిలిస్తున్నావురా? కనకమ్మ కన్ను పోయింది. "పోయిందేదో పోయింది" అని ఎంత సులువుగా రాశావు! నీ చిన్నప్పుడు నేను పనికెళ్తే నిన్ను చంకనేసుకు తిరిగింది ఆవిడే.

శనివారం ఆవిణ్ణి బెజవాడ కంటాసుపత్రికి తీసుకెళ్ళాను. చూపు ఇక ఇంతేనని చెప్పారు. ఆ కోపంలోనే ప్రింటర్ల షాపుకి వెళ్ళాను. అక్కడి అమ్మాయి ఇంకుది ఒకటీ లేజరుది ఒకటీ నడిపి చూపించింది. రెండిటి కాగితాలూ తీసుకుని, బొటనవేలు తడి చేసి అక్షరాల మీద రుద్దాను. ఇంకుది అలుక్కుపోయింది. లేజరుది చెక్కుచెదరలేదు. "ఎందుకండీ అలా రుద్దుతున్నారు?" అని ఆ అమ్మాయి నవ్వింది. మా చేతులకి చెమటా మామిడి సొనా వదలవమ్మా, మా కాగితాలు పట్టుకునేది మేమే కదా అని చెప్పాను. నలుపు మాత్రమే కొట్టే లేజరు, పైన జిరాక్సు తీసేది ఉన్నది ఖాయం చేశాను. కరెంటు ఉన్నప్పుడే కొట్టుకుంటాం, మాకు ఇన్వర్టరు ఎక్కడిది? బుధవారం వస్తుంది. నీ సలహా లేకుండానే ఆ పని అయింది.

అసలు సంగతి ఇది. బసవపున్నారావు ఆ రోజు చదివింది పన్నెండు పేర్లే. మేం రాయించింది పద్నాలుగు. ప్రసన్న, లావణ్య చివర్లో చేరారు కదా, వాళ్ళిద్దర్నీ మాత్రం షెడ్డుకి పిలుస్తున్నాడు. తోటికోడళ్ళిద్దరూ రోజూ పనికెళ్తుంటే మిగతావాళ్ళు చూస్తూ ఊరుకుంటారా? కాగితం అమ్మింది వాళ్ళేనని ఇప్పుడు ఊరంతా అంటోంది. నిన్న కుళాయి దగ్గర లావణ్య బిందె విసిరేశారు. నాకూ అనుమానంగానే ఉంది. ఎల్లుండి అందర్నీ కూర్చోబెట్టి, వాళ్ళిద్దర్నీ మధ్యలో నిలబెట్టి అడుగుతాను. నిజం చెప్పారా సరే, లేదంటే వాళ్ళతో మాకు నీళ్ళూ నిప్పూ లేవు.

నీకేమైనా తెలిస్తే ఈలోపే రాయి.

నాగమణి

---

నూజివీడు,
మే 13, మంగళవారం

అక్కా,

ఆ పిల్లల్ని నిలబెట్టకు. నీ కాళ్ళు పట్టుకుంటాను. కాగితం పోయింది నా దగ్గర్నుంచి.

బుధవారం అర్జీ టైపు చేసింది మా ఆఫీసు కంప్యూటర్లో. నీకు షాపు ఖర్చు ఎందుకు, ఇక్కడైతే ఊరికే వస్తుంది కదా అని ఆఫీసు ప్రింటరుకే కొట్టాను. అందులో కాగితాలు అయిపోయాయి. ఎర్ర లైటు వెలిగింది, ఏమీ రాలేదు. సరిగ్గా అప్పుడే నువ్వు ఫోను చేసి ఇంకో రెండు పేర్లు కలపమన్నావు. కలిపి, ఇక్కడ కాగితం లేదు కనుక కిషోర్ బాబు ఫోనుకి పంపేశాను. ముందు కొట్టింది ఆపాలని తోచలేదు. అది ప్రింటరు లోపలే ఉండిపోయింది.

గురువారం పొద్దున ఎవరో కాగితాలు పెట్టారు. లోడు చీటీల కంటే ముందు మన అర్జీ బయటికొచ్చింది, పన్నెండు పేర్లతో. నేను టీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అది మా ఓనరు వెంకటకృష్ణారావు గారి చేతిలో ఉంది. బసవపున్నారావు కాయంతా మా లారీల్లోనే వెళ్తుందని నీకు తెలుసు. ఆయనే పంపించారు.

నువ్వు కిషోర్ బాబుని తిట్టావని రాసినప్పుడే చెప్పాల్సింది. పాపని చూసి భయం వేసింది. ఈ ఉద్యోగం పోతే నాకు ఇంకో దిక్కు లేదు. ప్రింటరు కొనొద్దన్నది కూడా అందుకే. నువ్వు దాని గురించి అడిగిన కొద్దీ నాకు ఆ ఎర్ర లైటే కనపడేది.

నన్ను ఏమన్నా పడతాను.

హరీష్

---

ఆగిరిపల్లి,
మే 16, శుక్రవారం

తమ్ముడూ,

ఏమన్నా పడతావా? పడటానికి నువ్వెక్కడున్నావు, నూజివీడులో ఫ్యాను కింద ఉన్నావు. పడింది కిషోర్ బాబు. పడింది లావణ్య. తొమ్మిది రోజులు నోరు కుట్టేసుకుని కూర్చున్నావు, పైగా నాకు బుద్ధులు చెప్పావు. నిన్ను పెంచిన చేతుల్ని నేనే నరుక్కోవాలనిపిస్తోంది.

బుధవారం సమావేశంలో నీ ఉత్తరం నేనే చదివాను, మొదట్నుంచీ చివరిదాకా. ప్రసన్న ఏడ్చింది. లావణ్య ఏడవలేదు. లేచి వచ్చి, "మీరు కూడా అనుకున్నారా పెద్దమ్మా?" అని అడిగింది. అనుకున్నానని చెప్పాను. అంతకంటే ఏం చెప్పను?

అక్కణ్ణుంచి కిషోర్ బాబు షాపుకి వెళ్ళి, చేతులు జోడించి, తప్పయిపోయింది బాబూ అన్నాను. అతను షాపు బయటికి చూపించి, "మీరు తిట్టినప్పుడు వందమంది ఉన్నారండీ. ఇప్పుడు నలుగురే ఉన్నారు" అన్నాడు. నిజమే కదా! రేపు సాయంత్రం బస్సు వేళకి వెళ్ళి అదే చోట నిలబడి గట్టిగా చెబుతాను. తప్పు నీది, సిగ్గు నాది.

ప్రింటరు వచ్చింది. దాని మీద మొదట కొట్టింది నీ కాగితమే. నువ్వు రాసింది అర్జీ పద్ధతిలో నేనే మార్చాను. ఆ బుధవారం ఏం టైపు చేశావో, ఆ గురువారం అది పొరపాటున మీ ఓనరు కంట ఎలా పడిందో, ఆయన ఎవరికి పంపాడో, అన్నీ ఉన్నాయి. మేం అర్జీ రాశామని తెలిసే బసవపున్నారావు మా పని తీసేశాడని చెప్పడానికి మా దగ్గర ఇదొక్కటే సాక్ష్యం. ఇది లేకపోతే, కాయ తగ్గింది కాబట్టి మాన్పించానంటాడు. వెనక్కి తగ్గినవాళ్ళు కూడా ఇది ఉంటే మళ్ళీ సంతకం పెడతామంటున్నారు.

ఒక్క కాపీయే తీశాను, అదే కవర్లో ఉంది. మా కాగితం మమ్మల్ని అడక్కుండా పోయింది, నీది నిన్ను అడక్కుండా పంపను. సంతకం పెడితే నీ ఉద్యోగం పోతుందని నాకు తెలుసు. పాప మొహం నాకూ గుర్తుంది. అయినా పెట్టమనే అడుగుతున్నాను. ఆదివారం లోపల పంపు, సోమవారం ఇవ్వాలి.

పెడితే నా తమ్ముడివి. పెట్టకపోయినా తమ్ముడివే. నా కోపమంతా అందుకే.

అక్క

---

నూజివీడు,
మే 18, ఆదివారం

అక్కా,

సంతకం పెట్టాను. కవర్లో ఉంది. నిన్ననే ఉద్యోగం మానేశాను. ఇంట్లో ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు. రేపు అర్జీల దగ్గరికి నేనూ వస్తాను. నువ్వు నా మొహం చూడకపోయినా పర్వాలేదు, పక్కన నిలబడతాను.

నువ్వు రాసినదాంట్లో ఒక్క మాట కొట్టేసి, పక్కన నా చేత్తో వేరే రాశాను. "పొరపాటున" అన్న మాట. రేపు అందరి ముందు చూసేకంటే ఇవాళే నీకు తెలియాలి.

ఆ పొద్దున నేను టీకి వెళ్ళలేదు. కాగితం బయటికి వస్తున్నప్పుడు ప్రింటరు పక్కనే ఉన్నాను. మా ఓనరు దాన్ని తీసి, చదివి, నా వైపు చూశారు. "మొదటి పేరు మీ అక్కదే కదా హరీషూ. చింపెయ్యమంటావా, పంపమంటావా? నువ్వెలా అంటే అలా చేద్దాం" అన్నారు. ఊరికే అనలేదు, నిజంగానే అడిగారు. చింపమంటే అక్కడే చింపేసేవారు.

నేను తల వంచుకుని, "మీ ఇష్టమండీ" అన్నాను.

హరీష్