మావయ్యగారి గేటు

అక్కా, నా బంగారు తల్లీ,

కంప్యూటరులో నాలుగు ముక్కలు కొట్టి పంపక ఈ కాగితాల సంబరం ఏమిటని నవ్వుకోకు. దాన్ని ముట్టుకోవద్దని ఇంట్లో ఆంక్ష. పోనీ ఫోన్ చేద్దామా అంటే, మా ఇల్లు నీకు తెలుసుగా, ఈ గదిలో దగ్గితే ఆ గదిలోంచి మందేసుకున్నావా అని వినిపిస్తుంది. అందుకే వంటింటి గట్టు మీద కాగితం పరుచుకుని, పొయ్యి మీద నీళ్ళు కాగేలోపు రాయగలిగినంత రాస్తున్నాను. చదివి చింపెయ్యి. బావకి చూపించకు. చూపిస్తావని తెలుసు, అయినా అనడం నా ధర్మం.

నేను ఉద్యోగం మానేస్తున్నాను.

కళ్ళు మండుతున్నాయని ఇంట్లో చెప్పాను. కళ్ళకేం, నిక్షేపంగా ఉన్నాయి. అసలు సంగతి నీకొక్కదానికే చెబుతున్నాను.

డాక్టర్లు రోగుల గురించి నోటితో చెప్పి రికార్డు చేసినవి ఇంట్లో కూర్చుని విని టైపు చేయడం నా పని కదా. మొదట్లో ఆ డాక్టర్లంతా నోట్లో ఏదో నములుతూ మాట్లాడుతున్నారేమో అనిపించేది. ఇప్పుడు ఒక్కొక్కరి గొంతూ చుట్టాల గొంతులా గుర్తుపడతాను. ఎవరు కోపంలో ఉన్నారో, ఎవరికి నిద్ర చాలలేదో చెప్పగలను. పక్కింటావిడ మోకాలి నొప్పంటే ఎడమా కుడా, లోపలి వైపా బయటి వైపా అని ఆరా తీస్తున్నాను. ఆవిడ నాతో మాట్లాడటం తగ్గించింది. ఇంత వయసొచ్చాక నాకంటూ ఒక పని దొరికింది, అది నాకు చేతనయింది కూడా. దాన్ని వదులుకోవాలంటే మనసొప్పడం లేదు అక్కా.

కొన్నాళ్ళుగా తెర మూలన చిన్న చిన్న పెట్టెలు లేస్తున్నాయి. 'మీ కంప్యూటరులో వైరస్ చేరింది', 'మీ రహస్యాలు బయటికి పోతున్నాయి', 'వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి' అంటూ ఎర్రెర్రటి అక్షరాలు. ఒకటి మూస్తే రెండు లేస్తాయి. ఏదైనా వెతుకుదామంటే బ్రౌజరు నేనడిగిన చోటికి కాకుండా ముక్కూమొహం తెలియని పేజీకి లాక్కుపోతుంది. ఇక వాటి పక్కన వచ్చే బొమ్మలు నీకు రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. ఒంటిమీద సరిగ్గా బట్టల్లేని ఆడవాళ్ళు. మా ఆయన బస్సు డ్యూటీ దిగి ఇంట్లో అడుగుపెట్టేసరికి సరిగ్గా అలాంటిదొకటి లేచింది. ఆయన దాన్ని చూశారు, వాళ్ళ నాన్న గది వైపు చూశారు, నా వైపు చూశారు.

"ఇలాంటివి ఊరికే రావు. ఎవరో ఎక్కడికో వెళ్తేనే వస్తాయి" అన్నారు. డ్రైవరు కదా, ఎవరూ ఎక్కడికీ వెళ్ళకుండా లోకంలో ఏదీ జరగదని ఆయన నమ్మకం. ఇక దాన్ని తెరవొద్దు, అమ్మి పారేద్దాం అని కూడా అన్నారు.

ఎవరో అంటే ఎవరు? ఇంట్లో ఉండేదే ముగ్గురం. ఆయన పగలంతా బస్సు మీద. నేనెక్కడికీ వెళ్ళలేదని నాకు తెలుసు. మిగిలింది మావయ్యగారు.

ఆయన పెద్దాసుపత్రి గేటు దగ్గర పనిచేసి రిటైరయ్యారని నీకు తెలుసు కదా. మాట బహు తక్కువ. నేను పనిలో ఉంటే గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోతారు. నా పని ఆయనకి నచ్చదని నేనెప్పుడో తేల్చేసుకున్నాను. ఈమధ్య నేను సరుకులకి వెళ్ళి తిరిగొచ్చేసరికి కంప్యూటరు ముందు కూర్చుని ఉంటున్నారు. నన్ను చూడగానే దిగ్గున లేచి పక్కకి తప్పుకుంటున్నారు. ఇప్పుడు చెప్పు, నేనేమనుకోవాలి? ఆ వయసు మనిషిని పట్టుకుని, మావయ్యగారూ మీరేం చూస్తున్నారని కోడలు ఏ నోటితో అడుగుతుంది?

కంపెనీకి తెలిస్తే ఊరుకోదు. రోగుల వివరాలు కదా, యంత్రం శుభ్రంగా ఉండి తీరాలి. ఎవరు, ఏమిటి, ఎలా అని కూపీ లాగుతారు. ఆ పెద్దమనిషి పరువు తీసుకెళ్ళి నా సూపర్‌వైజరు చేతిలో పెట్టినట్టవుతుంది. అంతకంటే కళ్ళ మీద నెపం పెట్టి తప్పుకోవడం నయం. సోమవారం ఆవిడకి ఫోన్ చేసి చెప్పేస్తాను. నన్ను ఆపకు.

నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి. ఉంటాను.

నీ చెల్లి,
సణుగుడు

* * *

దెబ్బలాటల అక్కకి,

నీ ఉత్తరం చేరింది. క్షేమసమాచారం ఒక వాక్యం, తిట్లు ఒక పేజీ. 'రోగమేమిటో చూడకుండానే మంచమెక్కుతావా? రోజంతా డాక్టర్ల మాటలు విని నేర్చుకున్నది ఇదేనా?' అని రాశావు చూడు, అది బాగా తగిలింది. నిజమే, ఏ డాక్టరూ తప్పెవరిదని మొదలుపెట్టడు. నొప్పెక్కడ అని మొదలుపెడతాడు. సోమవారం సూపర్‌వైజరుకి చేయాల్సిన ఫోను కంపెనీ హెల్ప్‌డెస్క్‌కి చేశాను. రెండు చేతులూ ఖాళీగా ఉండాలని స్పీకర్లో పెట్టాను.

ఎత్తినావిడ నిదానస్తురాలు. "ఆ పెట్టెల్లో దేన్నీ నొక్కకండి. ఆ నంబరుకి ఫోన్ చేయకండి. అసలైన యాంటీవైరస్ ఏదీ ఫోన్ చేయమని మిమ్మల్ని బతిమాలదు" అంది. తర్వాత బ్రౌజరు పూర్తిగా మూసి కాసేపు చూడమంది. మూశాను. ఒక్క పెట్టె కూడా లేవలేదు.

"గొడవ బ్రౌజరుదే అన్నమాట. మళ్ళీ తెరవండి. ఈసారి పెట్టె లేస్తే ఎర్ర అక్షరాలు వదిలేసి, అంచున సన్నగా ఏముందో చదవండి."

చదివాను. ఏదో ఊరూపేరూ లేని వెబ్‌సైటు చిరునామా. "అది హెచ్చరిక కాదండీ, హెచ్చరిక వేషం కట్టిన ప్రకటన. మీకు కబుర్లు పంపవచ్చా అని ఆ సైటు ఎప్పుడో అడిగి ఉంటుంది, మీ ఇంట్లో ఎవరో సరేనని ఉంటారు" అని, సెట్టింగుల్లో నోటిఫికేషన్లు అనే చోటికి తీసుకెళ్ళింది. అక్కా, సరేననిపించుకున్న సైట్లు ఒకటా రెండా, ఊరంతా అందులోనే ఉంది! వాతావరణం చెప్పేది, చదరంగం ఆడించేది, వార్తలు, మెడనొప్పికి కసరత్తులు. సిగ్గుపడాల్సింది ఒక్కటీ లేదు. వాటి సందున పేరు పలకలేనివి దూరి కూర్చున్నాయి.

"మరి ఆ బొమ్మల సంగతి?" అని గొంతు తగ్గించి అడిగాను.

"అవి అందరికీ ఒకేలా పంపుతారండీ, ఎవరేం చూశారన్న దానితో పని లేదు. మా అమ్మకీ వచ్చాయి" అంది. అప్పుడు పీల్చాను చూడు ఊపిరి, ఎన్నాళ్ళ తర్వాతో.

ఒక్కొక్కదాన్నీ తీసేస్తుంటే గుమ్మంలో దగ్గు వినిపించింది. మావయ్యగారు.

"వాళ్ళందర్నీ నేనే రానిచ్చానమ్మా. తప్పయిందా?"

"ఎందుకు రానిచ్చారు మావయ్యగారూ?"

"అడిగారు కదా! రావచ్చా అని మర్యాదగా అడిగారు. నువ్వు బజారుకెళ్ళినప్పుడు మీ కంపెనీ వాళ్ళెవరైనా వస్తే ఇక్కడ మనిషుండాలి కదాని కూర్చునేవాణ్ణి. వీళ్ళు మీవాళ్ళేమో, పొమ్మంటే నీ ఉద్యోగానికి మాటొస్తుందేమోనని అందరికీ సరేనన్నాను. గేటు దగ్గర కూడా అంతే. అడక్కుండా దూరేవాణ్ణి ఆపాలి గానీ, అడిగి వచ్చేవాణ్ణి ఆపితే ఎలా?"

ఇక మొహమాటం దేనికని, నన్ను చూడగానే ఎందుకు లేచిపోయేవారని కూడా అడిగేశాను. ఆయన నన్ను వింతగా చూశారు. "డ్యూటీ మనిషి వచ్చాక ముందువాడు కుర్చీలో కూర్చుంటాడా?" అన్నారు. మరి గుమ్మంలో నిలబడి చూడటం? దానికి కొంచెం తడుముకున్నారు. "అన్నాళ్ళూ ఆసుపత్రి బయటే ఉన్నానమ్మా. నువ్వు లోపలి పని చేస్తున్నావు. చూడాలనిపిస్తుంది."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయక్కా. ఈయన నా ఉద్యోగానికి కాపలా కాస్తుంటే, ఈయన పరువు కాపాడుతున్నాననుకుని నేను ఆ ఉద్యోగాన్నే వదిలేయబోయాను. ఈయన గురించి ఏమేం ఊహించానో తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆ ఎర్ర అక్షరాల నంబరుకి గానీ ఫోన్ చేశారా?" అని భయంభయంగా అడిగాను.

"చేశాను" అన్నారు తాపీగా. నా పైప్రాణాలు పైనే పోయాయి. "ఎవడో ఎత్తాడు. మీ కంప్యూటరులోకి రావాలి, నేను చెప్పే ప్రోగ్రాం ఎక్కించు అన్నాడు. వీడు అడగలేదమ్మా, పురమాయించాడు. నీ పేరేంటి, ఎవర్ని చూడాలి, ఏ విభాగం అన్నాను. నీళ్ళు నమిలాడు. మా అమ్మాయి వచ్చేదాకా బయట కూర్చో అన్నాను. కసిరాడు. కసిరితే గేటు తీస్తానా? పెట్టెయ్ అన్నాను."

స్పీకర్లోంచి హెల్ప్‌డెస్క్ ఆవిడ పడీపడీ నవ్వింది. ఇలాంటి వాళ్ళు ఇంటికొకరుంటే తన ఉద్యోగం పోతుందట. తర్వాత బ్రౌజరుకి అంటుకుపోయిన ఎక్స్‌టెన్షన్ ఒకటి పీకించింది, నన్ను దారి తప్పిస్తున్నది అదేనట. అసలైన యాంటీవైరస్‌తో యంత్రాన్ని మూలమూలా వెతికించింది. అది వెతికీ వెతికీ ఏమీ లేదని తేల్చింది.

సాయంత్రం ఆవిడే మళ్ళీ ఫోన్ చేసి, పొద్దున అంతా విన్నా, ఫారంలో నా మాటే రాయాలి గనక చివరి ప్రశ్న అడిగింది. "ఈ కంప్యూటరు మీరు తప్ప ఎవరూ వాడరు కదా? అవునంటే అంతా శుభ్రమని ఇప్పుడే రాసేస్తాను." ఎదురుగా నిలబడ్డ మావయ్యగారు రెండు చేతులూ ఊపుతూ, ఎవరూ వాడరని చెప్పమంటున్నారు. ఇక జన్మలో దాని ఛాయలకి రానన్నట్టు గోడకి అతుక్కుపోయారు. ఒక్క ముక్క అబద్ధమాడితే నా ఉద్యోగం నాకు దక్కుతుంది. ఆ ముక్క నోటిదాకా వచ్చింది కూడా.

"మా మావయ్యగారు వాడతారండీ. ఇకముందూ వాడతారు" అన్నాను.

అయిపోయిందనుకున్నాను. నా డాక్టర్ల గొంతులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"అయితే ఆయనకి వేరే ఖాతా తెరవండి, మీ పని ఖాతాకి పాస్‌వర్డు పెట్టి తాళం వేయండి" అంది ఆవిడ. "అలా చేస్తే మాకేమీ అభ్యంతరం లేదు. రేపటి ఫైళ్ళు పంపించేయమంటాను."

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన "ఇంతకీ ఎవరు ఎక్కడికి వెళ్ళినట్టు?" అన్నారు. ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు, వాళ్ళే మనింటికొచ్చారు అని అంతా చెప్పాను. కళ్ళ సంగతి కూడా చెప్పాను, దానికి చీవాట్లు తిన్నాను. ఆయన లేచి వాళ్ళ నాన్న గదిలోకి వెళ్ళి చాలాసేపు కూర్చున్నారు. చదరంగంలో ఓడిపోయి బయటికొచ్చారు.

నిన్న మావయ్యగారికి ఖాతా తెరిచాను. తనకి తోచిన పాస్‌వర్డు పెట్టుకుంటానని నన్ను అటు తిరగమన్నారు. తిరిగాను. ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ కొట్టారు. తర్వాత ఎంతసేపటికీ చప్పుడు లేకపోతే ఏం తప్పు నొక్కారో అని ఇటు తిరిగాను. తెర నిండా నీలిరంగు, మధ్యలో ఆయన పేరు, కింద 'స్వాగతం' అని ఒక్క మాట. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని మళ్ళీ చదువుకున్నారు.

"అమ్మాయీ, ఇది నన్నేనా అంటోంది?"

"మిమ్మల్నే మావయ్యగారూ" అన్నాను.

కుర్చీ ముందుకి జరుపుకుని సర్దుకు కూర్చున్నారు.

ఈ ఉత్తరం మాత్రం బావకి చూపించు.

పనిలో ఉన్న నీ చెల్లి,
సణుగుడు