షోరూమ్‌లో రొయ్యపొట్టు

ఏవండీ,

మీరు పోయి ఏడాది దాటింది. చెబితే కోప్పడతారు గానీ, మీ కారు ఏలూరు షోరూమ్‌లో ఇచ్చేసి చిన్నది తీసుకున్నాను. పాత కారు మీద మిగిలిన లోను బ్యాంకుకి తామే కట్టేస్తామన్నారు. మూడు నెలలైనా కట్టలేదు. బ్యాంకువాళ్లేమో లేని కారుకి నాతో వాయిదాలు కట్టించుకుంటూనే ఉన్నారు. ఎప్పుడడిగినా షోరూమ్ మేనేజరుది ఒకటే మాట: "ప్రాసెస్‌లో ఉందండీ."

ఇవాళ క్యారేజీ పట్టుకెళ్లి, వాళ్ల ఏసీ హాల్లో సోఫా మీద కూర్చుని మూత తీశాను. వంకాయ రొయ్యపొట్టు కూర. కొత్త కారు చూస్తున్న దంపతులు ముక్కులు మూసుకుని బయటికి నడిచారు. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మగారూ, బయట తినండీ!"

"మీ ప్రాసెస్ అయ్యేదాకా నా భోజనం ఇక్కడేనండీ. రేపు ఉప్పుచేప."

గంటలో లోను కట్టేసి రసీదు నా చేతిలో పెట్టాడు.

వస్తూ వస్తూ బజార్లో ఇంకో పొట్లం రొయ్యపొట్టు కొన్నాను. మీ కారులో పెడితే, వాసనంటూ ఇల్లు చేరేదాకా తిట్టేవారు. ఇవాళ దాన్ని పక్క సీట్లోనే పెట్టి, అద్దాలన్నీ మూసి, భీమడోలు దాకా నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చాను.

ఎవరూ తిట్టలేదండీ.