ఒకే తెర చాలు

అమ్మాయీ,

మీ చిన్నతాత నన్నొక్క మాటయినా అడక్కుండా మా కుట్టు దుకాణం మధ్యలో గోడ కట్టించి పన్నెండేళ్లయింది. నేను మరిచిపోలేదు.

నీ చివరేడాది చదువుకని మా మీద వీడియో తీసి, ఒక తెర మీద నన్నూ పక్క తెర మీద వాణ్ణీ చూపిస్తానన్నావు. ఇంకా ఆలోచనే కదా, మార్చుకో. ఉన్న గోడ చాలదా? ఒకే తెర పెట్టి, ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టు.

పెద్దవాణ్ణి, నేను పిలవను. మీ మాస్టారు చెప్పారని నువ్వే పిలువు. తాత అడగమన్నాడని అన్నావో, కెమెరా ముందు నోరు విప్పను.

నెల్లాళ్లుగా గోడవతల వాడి మిషను చప్పుడు మధ్యాహ్నానికే ఆగిపోతోంది. ఎందుకో ఎవరినీ అడగలేదు.

వాడొస్తాడో రాడో శుక్రవారంకల్లా నాకు తెలియాలి.

తాత