ఖాళీ చేతుల అంతోని

అక్టోబర్ 11, సాయంత్రం

నాన్న కనిపించడం లేదు. తలుపు గడియ వేయనిది నేనే. ఫోన్‌లో ఉన్నాను, బస్సు షిఫ్ట్ మార్చమని సూపర్‌వైజర్‌తో గొడవపడుతూ. పది నిమిషాలు. వెనక్కి తిరిగి చూస్తే కుర్చీలో దుప్పటి ఉంది, మనిషి లేడు. కోటు కూడా వేసుకోలేదు.

అక్టోబర్ 12

షెరిఫ్ పోలీసులు, కుక్కలు, ఊళ్ళోవాళ్ళ గుర్రాలు. కొండంతా వెతికారు. ఆనవాళ్ళు అడిగారు. ఎనభై రెండేళ్ళు, వేళ్ళకు రంగు మరకలు, పేరు పెట్టి పిలిస్తే పలకడు అని చెప్పాను. ఏడాదిగా నన్ను ఎవరో నర్సు అనుకుని నర్సమ్మా అంటున్నాడు. ఎర్లిండా అన్న నా పేరు ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో.

ఈ రాత్రి మంచు పడుతుందట.

అక్టోబర్ 13

ఏమీ లేదు.

అక్టోబర్ 14

డెల్ఫినా అత్త మిరపకారం కూర గిన్నెతో వచ్చింది. నేను ముట్టలేదు. గోడ మీద పునీత అంతోని బొమ్మను చూపించి నన్ను తిట్టింది. పోయినవి వెతికిపెట్టేవాడు ఆయనే కదే, ఊరికే కొవ్వొత్తులు వెలిగిస్తే కదులుతాడా, చేతిలో బిడ్డను లాక్కో, అప్పుడు పరిగెడతాడు అంది. మా నానమ్మ గొర్రె తప్పిపోతే అంతే చేసేదట. అంతోని చేతుల్లోంచి బాల యేసును ఊడదీసి పిండి డబ్బాలో దాచేదట.

నానమ్మది చెక్కిన బొమ్మ. మాది పైన్ పలక మీద వేసిన బొమ్మ. నేను పుట్టిన ఏడు నాన్న వేశాడు. ఆ బిడ్డ బుగ్గలు నావేనని అమ్మ అనేది. దీన్ని ఎలా ఊడదీయను?

అత్త వెళ్ళాక నాన్న రంగుల డబ్బాలోని సుద్ద నీళ్ళలో కలిపాను. బొమ్మ మీద ఆయన పూసిన పైన్ బంక గట్టిది. తడిగుడ్డతో తుడిస్తే సుద్ద పోతుంది, బిడ్డకేమీ కాదు. తెలుసు. అయినా ముందు బిడ్డ పాదాలే కప్పాను. ముఖం ఆఖరున.

నా మనిషిని ఇస్తే నీ బిడ్డను ఇస్తాను, లేకపోతే అలాగే చేతులు చాచుకుని నిలబడు అన్నాను. క్షమాపణ అడగలేదు.

అక్టోబర్ 15, పొద్దున

దొరికాడు. బతికే ఉన్నాడు!

పైన పాడుబడ్డ గొర్రెల దొడ్డిలో, గడ్డి కప్పుకుని. తలుపు పలక ఒకటి పీకి చంకలో పెట్టుకున్నాడట. లాక్కోబోతే, బొమ్మ వెయ్యాలి, వదలండ్రా అని కసిరాడట. శాంటా ఫే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వరండాలో కూలబడి, సిగ్గు లేకుండా బావురుమన్నాను.

అక్టోబర్ 19

నాన్నను ఇంటికి తెచ్చాను. మాట మాటే కదా, గిన్నెలో నీళ్ళు, గుడ్డ తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళాను. నాన్న నా వెనకే వచ్చాడు. అంతోని ఖాళీ చేతుల వంక చాలాసేపు చూశాడు. అన్నీ మరిచిపోయాడు కానీ, మనిషి పోతే బిడ్డను దాచే ఆ పద్ధతి మరవలేదు.

ఎవరిని పోగొట్టుకున్నావు తల్లీ అని అడిగాడు.

మా నాన్నను అన్నాను.

దొరికాడా అన్నాడు.

గుడ్డ గిన్నెలో ముంచి పిండాను. ఆయన నా చేతిలోంచి తడిగుడ్డ మెల్లగా తీసుకున్నాడు. అయితే బిడ్డను అప్పుడే ఇచ్చెయ్యకు నర్సమ్మా అన్నాడు.

అక్టోబర్ 20

గుడ్డ ఎండిపోయింది. సుద్ద అలాగే ఉంది.

అంతోనీ, సగమే తెచ్చావు. మళ్ళీ వెళ్ళు.