డిష్‌వాషర్ పంపుకు రబ్బరు రింగు

హోసూరు, 14-8-2003

మత్తూరులో నాన్న శ్రీరామప్పకు అంబిక నమస్కారాలు. నా చేతుల పుండ్లు మానుతున్నాయి, దిగులుపడొద్దు.

చేతులకు సబ్బునీళ్లు తగలకూడదని డాక్టరు చెబితే కొన్న డిష్‌వాషర్ నెల క్రితం ఆగిపోయింది. మురికినీళ్లు బయటికి తోసే పంపులో రెక్క విరిగింది. ఆ రెక్క కోసం ఇక్కడా బెంగళూరులోనూ అంగళ్లన్నీ తిరిగి అలసిపోయాను. ఆ మోడల్ రావడమే మానేసిందట. ఈ నెల రోజులూ మా అత్తమ్మే మోకాళ్ల నొప్పితో నిలబడి గిన్నెలు తోమింది.

మొన్న నాతోపాటు అంగడికి అత్తమ్మ కూడా వచ్చింది. "దీన్ని పారేసి కొత్తది తీసుకోండమ్మా" అన్నాడు అంగడాయన. నాకు ఏడుపొచ్చింది. అత్తమ్మ కదలలేదు.

"మా కోడలికి ఇదే కుడిచెయ్యి అప్పా. యాడ పారేయమంటావు? చేసిచ్చేవాళ్లు యాడున్నారో చెప్పు, ఆడికే పోతాము" అంది.

ఆయన ఒక లేత్ వర్క్‌షాపు అడ్రసు రాసిచ్చాడు. వాళ్లు నైలాన్ దిమ్మెలోంచి రెక్క కోసి ఇచ్చారు. ఈ ఉదయం మిషన్ తిరిగింది, కానీ పాత రబ్బరు రింగు అరిగిపోయి నీళ్లు కారుతున్నాయి. నీ బోరు మోటారు సామాన్లలో ఒకటిన్నర అంగుళం అడ్డుకొలత రింగు ఉంటే కవరులో పెట్టి పంపు.

రాగి నాట్లు అయ్యాయా? తిమ్మక్క పిన్నికి కంటికట్టు విప్పారా?

ఇంకొక్క మాట. నా పెళ్లిలో నీకు మర్యాద తగ్గిందని ఆరేళ్లుగా నువ్వు అత్తమ్మతో మాట్లాడటం లేదు. ఈసారి జవాబు నాకు వద్దు నాన్నా. జయలక్ష్మమ్మ గారికి అని, ఆమె పేరునే రాయి.

నీ బిడ్డ,
అంబిక